"చదువు: నిల్" – ఒక మతిమరుపు కేసు, దాని వెనకాల ఉన్న చిన్నతనం

ఈ కేసు రాయాలని ఏడాది నుంచి అనుకుంటున్నా. పేషెంట్ దగ్గర, వాళ్ళమ్మాయి దగ్గర పర్మిషన్ తీసుకున్నాను, ఎవరో తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు మార్చాను. నేను పనిచేసేది మెమరీ క్లినిక్‌లో, రోజూ చూసేవి మతిమరుపు కేసులే, కానీ ఒక మనిషి మొదటి పదేళ్ళ గురించి అడగకుండా డెబ్భయ్యో ఏట వచ్చిన జబ్బుని చదవడం ఎంత కష్టమో నాకు గట్టిగా అర్థమైంది ఈవిడ దగ్గరే.

ఆవిడకి 71. కూతురు తీసుకొచ్చింది, చేతిలో లావుపాటి ఫైలు. అంతకు నాలుగు నెలల ముందు వేరేచోట చూపించారట, అక్కడ ఎంఎంఎస్‌ఈ అనే టెస్టు చేసి 30కి 13 వచ్చింది, జబ్బు బాగా ముదిరిపోయింది, ఇంక చేసేదేం లేదు, ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి అని పంపేశారు. ఆ రోజు నుంచి కూతురు వాళ్ళమ్మని ఏ పనీ ముట్టుకోనివ్వట్లేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వదు, కత్తెర దాచేసింది, కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది. భయంతో చేసింది పాపం, ఆ అమ్మాయిని ఏమీ అనలేం. కానీ ఈవిడ ముప్పై ఏళ్ళకి పైగా ఇంట్లోనే బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, నాలుగు నెలలుగా కిటికీ పక్కన కూర్చుని ఉంది, మాట కూడా తగ్గిపోయిందని కూతురే చెప్పింది.

ఫైలు మొదటి పేజీలో "చదువు: నిల్" అని ఉంది. మొదటి విజిట్‌లో మా ఫారంలో నేను కూడా అదే రాశాను, రాసి తర్వాతి కాలమ్‌కి వెళ్ళిపోయాను. అక్కడ ఆగి ఉండాల్సింది.

ముందు ఆ 13 సంగతి చూద్దాం, ఎందుకంటే ఇలాంటి నంబర్ చూసి భయపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎంఎంఎస్‌ఈ 1975లో వచ్చిన టెస్టు, 30 మార్కులకి. అందులో వందలోంచి ఏడేడు తీసేస్తూ రావడానికి 5, చదివి చేయడానికి 1, ఒక వాక్యం రాయడానికి 1, బొమ్మ చూసి గీయడానికి 1, మొత్తం 8 మార్కులు బడికి వెళ్ళినవాళ్ళకే అందేవి. పెన్ను చేత్తో పట్టుకోని మనిషికి ఆ 8 మొదట్లోనే పోతాయి. పాత షీటు ఫైల్లోనే ఉంది, తీసి ఒక్కొక్కటే లెక్కపెట్టాను: ఆవిడకి పోయిన 17 మార్కుల్లో ఆ 8 ఉన్నాయి. మిగతా 9లో ఒకటి విని తిరిగి చెప్పాల్సిన వాక్యం, అది ఆవిడకి వినపడిందో లేదో ఎవరికీ తెలీదు. అయిదు తేదీ, వారం, నెల, స్థలం లాంటివి. మూడు మాత్రం నన్ను ఆపేశాయి, కాసేపటి క్రితం చెప్పిన మూడు మాటలు మళ్ళీ చెప్పమంటే ఒక్కటీ రాలేదు. దానికి చదువుతో పనిలేదు. అంటే జబ్బు ఉంది, కానీ వాళ్ళు చెప్పినంత ముదిరిన జబ్బు కాకపోవచ్చు.

ఇక్కడ తప్పు రెండువైపులా జరుగుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. చదువులేని మనిషికి లేని జబ్బు అంటగట్టడం ఒకటి. "చదువుకోలేదు కదా, ఈ వయసులో అంతే" అని ఉన్న జబ్బుని వదిలేయడం ఇంకొకటి, నేను చూసినంతలో రెండోదే ఎక్కువ. ఈవిడ విషయంలో రెండూ జరిగాయి: మొదటి మూడేళ్ళు ఇంట్లోవాళ్ళు వయసు అనుకున్నారు, ఆ తర్వాత ఒక్క పూటలో ముదిరిపోయిన జబ్బు అయిపోయింది.

చిన్నప్పటి సంగతులు కూతుర్ని అడిగితే "అమ్మ ఎప్పుడూ చెప్పలేదండీ, కష్టపడిందని తెలుసు అంతే" అంది. ఇది మామూలే. తల్లిదండ్రుల చిన్నతనం పిల్లలకి తెలీదు, ఆకలి గురించి అసలే చెప్పుకోరు. ఎవరికి తెలుస్తుంది అంటే తోబుట్టువులకి. ఉన్నారా అని అడిగితే ఒక తమ్ముడు ఉన్నాడు, 67 ఏళ్ళు, రిటైరైన గుమాస్తా. వచ్చే విజిట్‌కి మీ మావయ్యని కూడా తీసుకురమ్మన్నాను.

ఆయన వచ్చాక కేసు తిరిగింది.

వాళ్ళ నాన్న పోయేసరికి ఈవిడకి ఏడేళ్ళు, ఆయనకి మూడు. అప్పటికి ఈవిడ బడిలో చేరనేలేదు, ఆ తర్వాత చేరే ప్రశ్నే లేదు. ఎనిమిదో ఏట నుంచి వేరేవాళ్ళ ఇళ్ళల్లో పని. "అక్క తెచ్చిన డబ్బులతోనే నేను బడికెళ్ళానండీ, పుస్తకాలు కూడా తనే కొనేది, అందులో ఏముందో తనకి తెలీదు" అన్నాడు, అని కాసేపు ఆగిపోయాడు. పూట గడవని రోజులు నెలలో ఎన్ని ఉండేవి అని అడిగితే లెక్క చెప్పలేదు, "ఉన్న రోజులు గుర్తున్నాయి" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, నేను అడగలేదు, ఆయనే చెప్పాడు: "అక్క చెవిలో ఎప్పుడూ దూది ఉండేదండీ. చీము కారేది. దూది తీసి పారేసి మళ్ళీ కొత్తది పెట్టుకునేది. డాక్టరుకి చూపించడం నాకు గుర్తులేదు."

వెంటనే చెవిలో లైటు వేసి చూశాను. ఎడమ కర్ణభేరికి పెద్ద చిల్లు, పాతది. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయిస్తే ఎడమ చెవి దాదాపు లేనట్టే, కుడి చెవిలో ఒక మోస్తరు లోపం. అరవై ఏళ్ళుగా ఈవిడ ఒక చెవితో, అది కూడా సగం సగం వినపడే చెవితో బతుకుతోంది, ఎవరూ చూడలేదు. టెస్టు చేసినవాళ్ళు అరిచి అడిగారు, ఈవిడ తలూపింది, అది మతిమరుపు కింద రాసేశారు.

ఇప్పుడు చిన్నప్పటి పేదరికానికి ముసలితనంలో డిమెన్షియాకి, అంటే ఈ మతిమరుపు జబ్బుకి, సంబంధం ఏంటని అడుగుతారు కదా, ఈవిడ జీవితాన్నే పక్కన పెట్టుకుని చెప్తాను, అలా అయితేనే నాకూ తేలిక.

ఒకటి, మెదడు తయారీ. అయిదారేళ్ళు వచ్చేసరికి మెదడు పెద్దవాళ్ళ సైజులో దాదాపు 90 శాతానికి చేరిపోతుంది. ఆ కాలంలో తిండి చాలకపోతే, ఇన్ఫెక్షన్ల మీద ఇన్ఫెక్షన్లు వస్తే, ఇంట్లో ఎప్పుడూ భయం, టెన్షన్ ఉంటే, కట్టడం అక్కడక్కడా పలచగా అవుతుంది. 2015లో 1,099 మంది పిల్లల, కుర్రాళ్ళ మెదళ్ళు స్కాన్ చేసి చూసిన ఒక స్టడీలో కుటుంబ ఆదాయం తగ్గేకొద్దీ మెదడు పైపొర వైశాల్యం తక్కువగా కనపడింది, పైగా బాగా పేదవాళ్ళలో ఆదాయంలో చిన్న తేడాకే పెద్ద తేడా వచ్చింది. ఈవిడ తల చుట్టుకొలత 51 సెంటీమీటర్లు, అంటే చిన్నదే, కాళ్ళు పొట్టి. తల కొలత, మోకాలి ఎత్తు చిన్నప్పటి ఎదుగుదలకి గుర్తులని అంటారు. ఒక్క మనిషిలో ఈ కొలతలతో ఏదీ తేల్చలేం, వంశం ఉంటుంది, శరీరం తీరు ఉంటుంది, కాబట్టి దీన్ని నేను ఒక క్లూగానే రాసుకున్నా. కాకపోతే క్రైస్తవ సన్యాసినుల మీద జరిగిన నన్ స్టడీలో, తల చిన్నగా ఉండి చదువు కూడా తక్కువైనవాళ్ళలో డిమెన్షియా మిగతావాళ్ళకంటే నాలుగు రెట్లు కనపడింది. రెండూ కలిస్తేనే అంత తేడా, అది గమనించాలి.

రెండోది నిల్వ, మేం కాగ్నిటివ్ రిజర్వ్ అంటాం. 1988లో కాట్జ్‌మన్ అనే ఆయన బృందం చనిపోయిన 137 మంది వృద్ధుల మెదళ్ళు కోసి చూస్తే కొందరి మెదడులో ఆల్జైమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనపడే రకం) మచ్చలు ఉన్నాయి, కానీ బతికుండగా వాళ్ళు శుభ్రంగా ఉన్నారు, వాళ్ళ మెదళ్ళు బరువుగా కూడా ఉన్నాయి. అంటే జబ్బు ఒకటే, తట్టుకునే స్తోమత వేరు. బడి ఆ స్తోమత పెంచే వాటిల్లో ఒకటి. స్కాట్లాండ్‌లో 1932 జూన్ 1న, 1921లో పుట్టిన పిల్లలందరికీ ఒకే రోజు తెలివితేటల పరీక్ష పెట్టారు, 87,498 మంది రాశారు, ఆ కాగితాలు దశాబ్దాల తర్వాత బయటికి తీసి చూస్తే పదకొండేళ్ళప్పుడు తక్కువ మార్కులు వచ్చినవాళ్ళకి ముసలితనంలో వచ్చే డిమెన్షియా ఎక్కువగా వచ్చింది. ఇది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే పదకొండేళ్ళకి ఈవిడ ఇంకొకరి ఇంట్లో పనిచేస్తోంది.

కానీ నిల్వ అంటే బడి ఒక్కటే అనుకుంటే ఈవిడని మళ్ళీ తప్పుగానే చదువుతాం. 2013లో హైదరాబాద్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, అక్షరం రానివాళ్ళలో కూడా ఆ తేడా కనపడింది. మెదడుకి పని పెట్టేది ఏదైనా లెక్కే. ఈవిడ పని ఏంటో చెప్తాను వినండి.

ఈవిడకి అంకెలు రాయడం రాదు, టేపు మీద నంబర్లు చదవలేదు. మరి కొలతలు? ఒక్కో మనిషికి ఒక్కో దారం. ఛాతీ దగ్గర ఒక ముడి, నడుము దగ్గర ఇంకో ముడి, చెయ్యి పొడుగుకి రెండు ముళ్ళు పక్కపక్కన. ఏ దారం ఎవరిదో రంగుని బట్టి, ముళ్ళని బట్టి తలలోనే ఉండేది, నలభై మందికి పైగా. కూతురు మూడో విజిట్‌కి ఆ దారాల డబ్బా తెచ్చింది. బయటికి తీసి టేబుల్ మీద పరిచాను. ఒక నీలం దారం ఆవిడ చేతికిస్తే కళ్ళు మూసుకుని ముళ్ళు తడుముతూ "ఇది మా ఎదురింటి పెద్దమ్మాయిది, భుజం కొంచెం వాలుగా ఉంటది" అంది. ఇంకో రెండు కూడా చెప్పింది. తర్వాత ఇచ్చిన తొమ్మిదింటికి చెప్పలేకపోయింది, చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి "ఇది నేను కట్టలేదు" అంది. చెప్పినవన్నీ పాతికేళ్ళ పాత కస్టమర్లు, చెప్పలేనివి ఎక్కువగా ఈ అయిదారేళ్ళలోవి అని కూతురు గుర్తుపట్టింది.

జబ్బు ఎప్పుడు మొదలైందో కూడా ఆ డబ్బానే చెప్పింది. మూడేళ్ళ క్రితం ఒకరి కొలతతో ఇంకొకరికి కుట్టేసింది, ఆ తర్వాత ఏడాదిలో అలా నాలుగైదుసార్లు, మెల్లగా జనం రావడం మానేశారు. ఇంట్లో "చూపు తగ్గింది" అనుకున్నారు. ఏ స్కోరు షీటూ నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు, ఎందుకంటే ఇందులో ఆవిడని పోల్చింది బడికెళ్ళిన మనిషితో కాదు, ఆవిడతోనే.

మూడోది, జీవితం పొడుగునా పేరుకుపోయేది. చిన్నప్పుడు డబ్బు లేకపోతే చదువు లేదు, చదువు లేకపోతే మంచి ఉద్యోగం లేదు, అది లేకపోతే బీపీ చూపించుకునే తీరిక, స్తోమత ఉండవు. ఈవిడకి యాభై దాటగానే బీపీ ఉందన్నారు, మందులు ఉన్నప్పుడు వేసుకోవడం లేనప్పుడు మానేయడం, ఇరవై ఏళ్ళు అలాగే. షుగరు ఎప్పుడొచ్చిందో తెలీదు. చెవి సంగతి చూశాం. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 రిపోర్టులో మార్చుకోగల కారణాలు 14 ఇచ్చారు, అన్నీ కలిపి ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం వాటివల్ల అని అంచనా. తక్కువ చదువు, వినికిడి లోపం, బీపీ, షుగరు, ఒంటరితనం అందులో ఉన్నాయి, ఈవిడకి ఇవన్నీ ఉన్నాయి. ఆ లిస్టులో పేదరికం అని విడిగా రాయలేదు గానీ, ఈవిడ విషయంలో వీటిలో చాలావాటికి వేరు ఆ ఏడో ఏట దగ్గరే ఉంది.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. చిన్నప్పటి లేమి ఎక్కువగా కనపడేది మెదడు శక్తి ఎంత ఎత్తు నుంచి బయల్దేరిందో అందులో, కిందికి జారే వేగం మీద దాని ప్రభావం అంత గట్టిగా తేలలేదు. అంటే రెండు కుండల్లో నీళ్ళు ఒకే వేగంతో కారుతున్నా తక్కువ ఉన్న కుండ ముందు ఖాళీ అవుతుంది. అందుకే పేదరికంలో పుట్టారు కాబట్టి మతిమరుపు రాసిపెట్టి ఉంది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రిస్కు పెరుగుతుంది, అంతవరకే. అలా పెరిగి తొంభై ఏళ్ళు వచ్చినా చక్కగా ఉన్నవాళ్ళు నా దగ్గరికి రారు కాబట్టి నాకు కనపడరు, అది నేను గుర్తుపెట్టుకోవాలి.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తా. చెవికి చిన్న యాంప్లిఫయర్ పెట్టి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, చదువుతో అంతగా పనిలేని రుడాస్ టెస్టు చేస్తే 30కి 19 వచ్చింది, 22 లేదా అంతకన్నా తక్కువ వస్తే అనుమానించాలి. సంచిలో పది వస్తువులు పెట్టి చేత్తో తడిమి చెప్పించి, తర్వాత గుర్తు తెచ్చుకోమనే టెస్టు కూడా చేశాం, తడిమి చెప్పడంలో పదికి పది, గుర్తు తెచ్చుకోవడంలో మూడు. స్నానం, బట్టలు, తిండి సొంతంగానే, డబ్బు లెక్కలు మందులు మాత్రం తప్పుతోంది. బీపీ 168/94, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 8.1, అంటే ఎక్కువే, బి12 తక్కువ, థైరాయిడ్ బాగుంది. ఎంఆర్ఐలో రెండు వైపులా హిప్పోక్యాంపస్, అంటే కొత్త జ్ఞాపకాలని నిలిపే ప్రాంతం, కుంచించుకుపోయింది, మెదడు తెల్లపదార్థంలో రక్తనాళాల దెబ్బకి వచ్చే మచ్చలు ఒక మోస్తరుగా ఉన్నాయి, లోపల ఒక పాత చిన్న స్ట్రోకు. ఇంకోటి, నిద్ర పట్టడంలేదని ఎవరో ఇచ్చిన అమిట్రిప్టిలిన్ రెండేళ్ళుగా రోజూ రాత్రి వేసుకుంటోంది, జ్ఞాపకశక్తిని ఇంకా మసకబార్చే మందు అది, ఈ వయసులో ఇలాంటి మనిషికి ఇవ్వకూడదు.

నా నిర్ధారణ: ఆల్జైమర్స్, రక్తనాళాల దెబ్బ రెండూ కలిసిన మిక్స్‌డ్ డిమెన్షియా, తొలిదశ. ముదిరిన దశ కాదు. ఈ మాట చెప్పినప్పుడు కూతురు ఏడ్చింది, "మరి నాలుగు నెలలు అమ్మని కూర్చోబెట్టేశానే" అని. నీ తప్పేం లేదమ్మా, నీకు చెప్పింది అది అన్నాను, ఇంతకన్నా ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అమిట్రిప్టిలిన్ మెల్లగా తగ్గించి ఆపేశాం. బీపీ, షుగరు మందులు సరిచేసి కూతురి చేతికిచ్చాం. బి12 ఇంజక్షన్లు ఇచ్చాం, దానివల్ల మతిమరుపులో పెద్ద తేడా ఏం రాలేదు, కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి. మతిమరుపుకి ఇచ్చే డొనెపెజిల్ అనే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచితే నాడి 48కి పడిపోయింది, మళ్ళీ 5కే తెచ్చాం.

హియరింగ్ ఎయిడ్ దగ్గర చాలా తంటాలు పడ్డాం. ముందు ఈఎన్‌టీ వాళ్ళు చెవులు పరీక్షించి, ఎడమ చెవిలో తడి ఆరాకే కుడి చెవికి మెషిన్ పెట్టారు. మొదటి నెల అంతా ఆవిడ తీసి దిండుకింద పెట్టేసేది, గిన్నెల చప్పుడు కూడా బాంబుల్లా ఉందట, అరవై ఏళ్ళు నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడుకి అలాగే ఉంటుంది. రోజుకి అరగంటతో మొదలుపెట్టించాం, సౌండ్ తగ్గించి, ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రమే. మూడో నెలకి పూటంతా పెట్టుకుంటోంది. నేను దీనిమీద ఇంత పట్టుబట్టడానికి కారణం 2023లో వచ్చిన అచీవ్ ట్రయల్, వినికిడి లోపానికి వైద్యం చేస్తే మతిమరుపు నెమ్మదిస్తుందా అని చూసిన స్టడీ. 977 మంది వృద్ధుల్లో మొత్తంగా చూస్తే మూడేళ్ళకి తేడా ఏం కనపడలేదు, కానీ చదువు, ఆదాయం తక్కువగా ఉండి రిస్కులు ఎక్కువున్న గుంపులో మాత్రం వినికిడికి వైద్యం చేసినవాళ్ళలో క్షీణత 48 శాతం నెమ్మదించింది. వాళ్ళకి అప్పటికి డిమెన్షియా లేదు, ఈవిడకి ఉంది, కాబట్టి అంత ఫలితం నేను ఆశించలేదు, ఆ మాట కుటుంబానికి కూడా చెప్పాను. కనీసం మనిషి మాటల్లోకి తిరిగొస్తుందని నమ్మాను.

మిషన్ మీద దుప్పటి తీయించాం. కత్తెర కూతురు దగ్గరే, కత్తిరించే పని కూతురిది, అంచులు కుట్టడం, చేతిపని ఆవిడది. దారాలకి కూతురు చిన్న చిన్న గుడ్డముక్కలు కట్టింది, ఎవరి బట్ట ముక్క వాళ్ళ దారానికి. ఇది మేం చెప్పింది కాదు, ఆ అమ్మాయికే తట్టింది.

పద్నాలుగు నెలలకి రుడాస్ 18, ఒక్క మార్కు తగ్గింది. బీపీ 138/82. సంచి టెస్టులో గుర్తు తెచ్చుకునేవి మూడు నుంచి రెండయ్యాయి. జబ్బు ఆగలేదు, ఆగుతుందని నేను చెప్పలేదు కూడా. కానీ లోపలికి రాగానే "మీ చొక్కా భుజం దగ్గర కుట్టు వదిలింది డాక్టరుగారూ" అంది. చూసుకుంటే నిజమే.

ఇప్పుడు మా ఫారంలో "చదువు" కాలమ్ తీసేసి నాలుగు ప్రశ్నలు పెట్టాం. పదేళ్ళ వయసులో ఇంట్లో సంపాదించేది ఎవరు, తిండి లేకుండా పడుకున్న రోజులు ఉండేవా, పని ఎన్నో ఏట మొదలుపెట్టారు, చిన్నప్పుడు పెద్ద జబ్బులు చెవి చీము లాంటివి ఉన్నాయా. వీలైతే తోబుట్టువుని అడగాలి. అయిదు నిమిషాల పని. అడిగేటప్పుడు గదిలో పిల్లలు లేకుండా చూసుకుంటే మంచిది, కొందరు వాళ్ళముందు చెప్పరు.

పోయిన విజిట్‌లో తమ్ముడు కూడా వచ్చాడు, అక్కతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన వైపే చూశాను. నాన్న పోయినప్పుడు ఆయనకి మూడేళ్ళు, అదే ఇల్లు, అదే ఆకలి, తేడా బడి ఒక్కటే. బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగితే "నాకేం లేదండీ, బాగానే ఉంటా" అన్నాడు. కూర్చోబెట్టి చూస్తే 156/92 ఉంది, పది నిమిషాలాగి మళ్ళీ చూసినా అంతే. వారం రోజులు ఇంట్లో చూసుకుని రాసి తెమ్మన్నాను, వినికిడి పరీక్షకి కూడా చీటీ రాసిచ్చాను. వచ్చే గురువారం వస్తానన్నాడు.